ద్వీప రాజ్యాలు – ఉమ్మడి నాణెం

తూర్పు కనుమలు సముద్రాన్ని సమీపించే చోట, డాల్ఫిన్స్ నోస్ కొండ అండన వెలసిన ఓడరేవు విశాఖపట్నం. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల నౌక రాకతో ఈ ఆధునిక రేవు జీవితం ఆరంభమైంది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం ఇక్కడి నుంచే జపాను దేశానికి తరలివెళ్లింది. ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఈ తీరానికే చేరుతుంది. అండమాన్ దీవులకు ప్రయాణికులను చేరవేసే ఓడలు కూడా ఇక్కడి నుంచి నడుస్తున్నాయి. ఓడలోని సరుకును ఒడ్డుకు దించడానికి క్రేన్లు చాలు. ఆ సరుకు ఖరీదు ఒక దేశం నుంచి మరొక దేశానికి చేరాలంటే మాత్రం ఇరుదేశాల నాణేలకు మధ్య ఒక మారకపు రేటు ఉండాలి. ఆ రేటు మారినప్పుడల్లా ఒకరికి లాభం, మరొకరికి నష్టం కలుగుతుంది.

భారతదేశం వంటి పెద్ద దేశం ఇటువంటి ఒడుదొడుకులను కొంతవరకు తట్టుకోగలదు. బియ్యం, పప్పులు, మందులు, సిమెంటు, పెట్రోలు – సమస్తం ఓడ మీదే రావలసిన ఒక చిన్న ద్వీప రాజ్యం పరిస్థితి అటువంటిది కాదు. దాని నాణెం విలువ పడిపోతే ఆ మర్నాడే వంటింటి ఖర్చు పెరుగుతుంది. అటువంటి చిన్న దేశాలు తలా ఒక నాణెం ముద్రించుకోవడం మేలా? లేక కొన్ని కలిసి ఒకే నాణేన్ని వాడుకోవడం మేలా? లక్షల మంది జీవనభద్రతతో ముడిపడిన ఈ ప్రశ్న ప్రపంచంలోని పలు దీవులలో ఏనాటి నుంచో చర్చకు వస్తూనే ఉంది. తెలుగువారి చరిత్రకు కూడా దీనితో సంబంధం ఉంది.

సముద్రం దాటిన రూపాయి

పంతొమ్మిదో శతాబ్దంలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి తెలుగువారు చెరకు తోటలలో పనిచేయడానికి హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవికి వలస వెళ్లారు. కాకినాడ సమీపాన ఉన్న కోరంగి రేవు ఆ రోజులలో ఇటువంటి ప్రయాణాలకు పేరుపొందింది. 1834 నాటి తొలి ఒప్పందాలలో పురుష కార్మికునికి నిర్ణయించిన జీతం నెలకు 5 రూపాయలు. ఆ జీతాన్ని లెక్కించింది భారతీయ రూపాయలలోనే. అప్పటి మారిషస్‌లో పౌండు, డాలరు, రూపాయి కలగాపులగంగా చలామణి అవుతుండేవి. కార్మికుల రాకతో, భారతదేశంతో పెరిగిన వర్తకంతో రూపాయిదే పైచేయి అయింది. చివరకు 1876లో ప్రభుత్వం చట్టం చేసి, 1877 నుంచి రూపాయినే ఆ దీవి నాణెంగా స్థిరపరిచింది. నేటికీ మారిషస్ నాణెం పేరు రూపాయే. ఉగాదిని ప్రభుత్వ సెలవు దినంగా పాటించే ఆ దేశంలో, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి.

ఇది మారిషస్‌కే పరిమితం కాలేదు. సింహళం 1872లో భారతీయ రూపాయిని చట్టబద్ధమైన నాణెంగా స్వీకరించింది. మారిషస్ పాలనలో ఉండిన సీషెల్స్ దీవులు కూడా రూపాయి లెక్కలోకి వచ్చాయి. ఆనాటి హిందూ మహాసముద్ర దీవులు పలు చోట్ల ఒకే నాణేన్ని పంచుకున్నాయని చెప్పవచ్చు. కోరంగిలో ఓడ ఎక్కిన కూలీ పోర్ట్ లూయిస్‌లో దిగినప్పుడు అతని మూటలోని రూపాయి చెల్లుబాటు అయ్యేది. అతను కూడబెట్టి ఇంటికి పంపిన సొమ్ము మారకపు వ్యాపారుల చేతిలో చిక్కి తరిగిపోయే ప్రమాదం తక్కువ. ఉమ్మడి నాణెం వల్ల సామాన్యునికి కలిగే మొదటి ప్రయోజనం ఇదే.

అయితే ఆ రూపాయి వెండి నాణెం. 1870ల నుంచి ప్రపంచ విపణిలో వెండి ధర క్షీణించసాగింది. అంతకు ముందు రమారమి రెండు షిల్లింగులు పలికిన రూపాయికి, 1890ల మధ్యకాలం వచ్చేసరికి అందులో సగానికి కొద్దిగా మించిన విలువ మాత్రమే మిగిలింది. 1893లో భారత ప్రభుత్వం టంకశాలలలో వెండిని స్వేచ్ఛగా నాణేలుగా మార్చుకునే పద్ధతిని నిలిపివేసింది. ఆ నిర్ణయం భారతదేశపు అవసరాలను బట్టి జరిగింది. దాని ఫలితాన్ని మాత్రం రూపాయిని వాడుకుంటున్న దీవులన్నీ అనుభవించవలసి వచ్చింది.

ఇటువంటిదే మరొక ఉదంతం ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది. పారశీక అఖాతంలోని బహ్రెయిన్ ద్వీపం, దాని పొరుగు రాజ్యాలు చాలాకాలం భారతీయ రూపాయినే వాడుకున్నాయి. బంగారం దొంగరవాణా వల్ల విదేశీ మారకద్రవ్యం తరిగిపోతుండటంతో, 1959లో భారతీయ రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసం ‘గల్ఫ్ రూపాయి’ పేరుతో ప్రత్యేక నోట్లను విడుదల చేసింది. బహ్రెయిన్ 1965లో సొంత దీనారును ప్రవేశపెట్టుకుంది. 1966 జూన్ 6న భారతదేశం రూపాయి విలువను తగ్గించింది. అంతవరకు 4.76 రూపాయలకు లభించిన అమెరికా డాలరు 7.50 రూపాయలకు చేరింది. గల్ఫ్ రూపాయి విలువ కూడా దానితోపాటే పడిపోయింది. అప్పటికే బయటపడిన బహ్రెయిన్‌కు ఆ దెబ్బ తగలలేదు. ఇంకా దానినే వాడుతున్న ఖతార్ తదితర రాజ్యాలు వెంటనే వేరే నాణేలను వెతుక్కున్నాయి. పరాయి నాణేన్ని వాడుకునే దేశం ఆ నాణెం యజమాని తీసుకునే నిర్ణయాలకు కూడా లోబడక తప్పదని ఈ రెండు ఉదంతాలు తెలియజేస్తున్నాయి.

ఎనిమిది దీవులు – ఒకే డాలరు

2018 అక్టోబరు 24న విశాఖపట్నం క్రికెట్ మైదానంలో భారత్, వెస్టిండీస్ జట్లు చెరి 321 పరుగులు చేయడంతో ఆట సమంగా ముగిసింది. ఆనాడు వెస్టిండీస్ పక్షాన 123 పరుగులతో అజేయంగా నిలిచిన షాయ్ హోప్ బార్బడోస్ దేశస్థుడు. బ్రయన్ లారా ట్రినిడాడ్‌కు, క్రిస్ గేల్ జమైకాకు, వివియన్ రిచర్డ్స్ ఆంటిగ్వాకు చెందినవారు. వెస్టిండీస్ అనే పేరుతో జట్టు ఉన్నదే గాని దేశం లేదు. 1958లో ఈ దీవులు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినా అది 1962లోనే విచ్ఛిన్నమైంది. సమాఖ్యతోపాటు ఉమ్మడి నాణెం కూడా సడలిపోయింది. ట్రినిడాడ్, జమైకా, గయానా, బార్బడోస్ ఎవరి డాలరును వారు ఏర్పాటు చేసుకున్నారు.

మిగిలిన చిన్న దీవులు మాత్రం వేరు దారి పట్టాయి. ఇవి 1965లో ‘తూర్పు కరేబియన్ డాలరు’ను ప్రవేశపెట్టాయి. ఆంటిగ్వా–బార్బుడా, డొమినికా, గ్రెనడా, సెయింట్ కిట్స్–నెవిస్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్–గ్రెనడీన్స్ అనే 6 స్వతంత్ర దేశాలు, ఆంగ్విల్లా, మాంట్‌సెరాట్ అనే 2 బ్రిటిష్ పాలిత ప్రాంతాలు నేడు ఈ నాణేన్ని పంచుకుంటున్నాయి. ఈ ఎనిమిదింటి జనాభా మొత్తం కలిపినా 2011 జనగణనలో 17 లక్షలు దాటిన విశాఖపట్నం నగర జనాభాలో సగం కూడా కాదు. వీటి ఉమ్మడి కేంద్ర బ్యాంకు 1983లో సెయింట్ కిట్స్ దీవిలోని బాస్‌టెర్ నగరంలో ఏర్పడింది. ఎనిమిది ప్రభుత్వాల మంత్రులతో కూడిన ద్రవ్య మండలి దాని విధానాలను నిర్ణయిస్తుంది. అందులో పెద్ద దీవి, చిన్న దీవి అన్న తారతమ్యం లేకుండా ప్రతి ప్రభుత్వానికీ స్థానం ఉంది.

ఈ డాలరు విలువ 1976 జూలై నుంచి మారలేదు. ఒక అమెరికా డాలరుకు 2.70 తూర్పు కరేబియన్ డాలర్లు అన్నది నాటి రేటు, నేటి రేటు కూడా. దీనికి కారణం బ్యాంకు పాటించే క్రమశిక్షణ. చలామణిలో ఉంచిన డబ్బుకు, ఇతర తక్షణ బాధ్యతలకు కనీసం 60 శాతం మేర విదేశీ మారకద్రవ్య నిల్వలు ఉండి తీరాలని దాని చట్టం శాసిస్తుంది. అందువల్ల ఏ ఒక్క ప్రభుత్వమూ తన ఖర్చుల కోసం ఇష్టానుసారం నోట్లు అచ్చువేయించుకునే వీలు లేదు. సొంత డాలరును ఎంచుకున్న జమైకాలో 1970ల ఆరంభాన ఒక అమెరికా డాలరుకు ఒక జమైకా డాలరు కూడా పూర్తిగా అవసరమయ్యేది కాదు. 2024 నాటికి 150కి పైగా చెల్లించవలసి వచ్చింది. ఈ మధ్యకాలంలో జమైకాలో కూడబెట్టుకున్న వారి పొదుపు ఎంతగా కరిగిపోయిందో ఊహించవచ్చు.

ఉమ్మడి నాణెం వల్ల ఇతర లాభాలు కూడా ఉన్నాయి. లక్ష మంది జనాభా గల దేశం కేంద్ర బ్యాంకును, నిపుణులను, నోట్ల ముద్రణను ఒంటరిగా భరించడం కష్టం. ఎనిమిది దీవులు పంచుకుంటే ఆ భారం తేలికవుతుంది. ఒక దీవి పంట పోయినప్పుడు మరొక దీవి పర్యాటక ఆదాయం ఉమ్మడి నిల్వలను నిలబెడుతుంది. దీవుల మధ్య వర్తకం చేసేవారికి మారకపు ఖర్చులు ఉండవు. నోట్ల ముద్రణ వల్ల కలిగే లాభం కూడా సభ్యదేశాలకే చెందుతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి, తువాలు, నౌరు దేశాలు ఆస్ట్రేలియా డాలరును వాడుకుంటున్నాయి. వాటి చేతులలో తిరిగే నోట్ల మీది లాభం మాత్రం ఆస్ట్రేలియాకే దక్కుతుంది.

నాణెం వెనుక నష్టం

‘కలిసి ఉంటే కలదు సుఖం’ అన్నది తెలుగు సామెత. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అన్నది కూడా తెలుగు సామెతే. ఉమ్మడి నాణెం విషయంలో రెండవ సామెతను కూడా మరువరాదు.

కెనడా దేశపు ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ 1961లో ఈ సమస్యను శాస్త్రీయంగా చర్చించాడు. ఆయనకు 1999లో నోబెల్ బహుమతి లభించింది. రెండు ప్రాంతాలు ఒకే నాణేన్ని వాడుతున్నప్పుడు, ఒక ప్రాంతపు సరుకుకు గిరాకీ పడిపోయి మరొక ప్రాంతపు సరుకుకు పెరిగితే ఏమవుతుందన్నది ఆయన లేవనెత్తిన ప్రశ్న. సొంత నాణెం ఉన్న దేశం దాని విలువ తగ్గించి, తన సరుకును విదేశీయులకు చౌకగా అందించి, గిరాకీని తిరిగి పెంచుకోవచ్చు. ఉమ్మడి నాణెంలో ఆ వెసులుబాటు లేదు. అప్పుడు జీతాలు తగ్గాలి, లేదా పనివారు ఉపాధి ఉన్న చోటికి వలసపోవాలి, లేదా కలిగిన ప్రాంతం లేని ప్రాంతాన్ని ఆదుకోవాలి. ఈ మూడింటిలో ఏదీ జరగకపోతే మిగిలేది నిరుద్యోగమే.

ఫిజీ దీవుల అనుభవం ఇందుకు నిదర్శనం. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటలకు వెళ్లిన దక్షిణ భారతీయులలో తెలుగువారు కూడా ఉన్నారు. 1969 నుంచి ఫిజీకి సొంత డాలరు ఉంది. ప్రపంచ ఆర్థిక మాంద్యం వల్ల పర్యాటకం దెబ్బతిని, విదేశీ నిల్వలు తరిగిపోతున్న సమయంలో, 2009 ఏప్రిల్‌లో ఫిజీ తన డాలరు విలువను 20 శాతం తగ్గించింది. దానితో ఆ దీవులు విదేశీ పర్యాటకులకు చౌక అయ్యాయి. చక్కెర అమ్మకం మీద స్థానిక డాలర్లలో ఎక్కువ రాబడి లభించింది. మరోవైపు దిగుమతి చేసుకునే పెట్రోలు, గోధుమపిండి, మందుల ధరలు పెరిగాయి. ఈ మందు చేదుగానే ఉన్నా, దానిని వాడాలో వద్దో నిర్ణయించుకునే అధికారం ఫిజీ చేతిలో ఉంది.

ఆస్ట్రేలియా డాలరును వాడే తువాలుకు ఆ అధికారం లేదు. ఆస్ట్రేలియా బొగ్గుకు, ఇనుప ఖనిజానికి ప్రపంచ విపణిలో గిరాకీ పెరిగినప్పుడు ఆ దేశపు డాలరు బలపడుతుంది. 2011లో అది అమెరికా డాలరును మించింది. తువాలు బొగ్గు అమ్మదు. తన సముద్ర జలాలలో చేపలు పట్టుకునే విదేశీ నౌకల నుంచి వసూలు చేసే రుసుములు ఆ దేశానికి ముఖ్యమైన ఆదాయం. అమెరికా డాలర్లలో వచ్చే ఆ ఆదాయం ఆస్ట్రేలియా డాలర్లలోకి మారేసరికి తగ్గిపోతుంది. విశాఖ వంటి ఉక్కు నగరాల కొలుములలో మండే బొగ్గు ధరకు, ఎక్కడో పదివేల మంది నివసించే ఒక దీవి ఖజానాకు ఈ విధంగా సంబంధం ఏర్పడుతుంది.

ఒకే ఏడాది – రెండు విపత్తులు

ఉమ్మడి నాణెం బలాన్ని, బలహీనతను ఒకేసారి తేటతెల్లం చేసిన సంవత్సరం 2004.

ఆ ఏడాది సెప్టెంబరులో ‘ఐవాన్’ అనే పెనుతుఫాను గ్రెనడా దీవిని తాకింది. ఇళ్లలో అత్యధిక భాగం దెబ్బతిన్నాయి. నష్టం ఆ దేశపు వార్షిక ఉత్పత్తికి దాదాపు రెండు రెట్లని అంచనా వేశారు. గ్రెనడాకు జాజికాయ ప్రధానమైన పంట. నేలకొరిగిన జాజి చెట్ల స్థానంలో మొక్కలు నాటితే అవి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. సొంత నాణెం ఉన్నట్లయితే అది ఆ తుఫానులో నిలిచేది కాదు. తూర్పు కరేబియన్ డాలరు మాత్రం 2.70 దగ్గర చెక్కుచెదరలేదు. బ్యాంకులో దాచుకున్న సొమ్ము నిలిచింది. దిగుమతి చేసుకునే సిమెంటు, రేకుల ధరలకు నాణెం పతనం తోడుకాలేదు. ఇంతవరకు ఉమ్మడి నాణెం దీవిని కాపాడింది. కాని కూలిన బడులను, ఆసుపత్రులను తిరిగి కట్టడానికి డబ్బు ఎవరు ఇవ్వాలి? మిగిలిన ఏడు దీవులతో నాణెం ఉమ్మడిగా ఉన్నదే గాని ఖజానా ఉమ్మడిగా లేదు. గ్రెనడా విదేశీ సహాయాన్ని అర్థించింది. అప్పులు తీర్చలేక 2005లో రుణదాతలతో గడువులు మార్చుకుంది. 2013లో మళ్లీ అదే పరిస్థితి ఎదురైంది.

అదే ఏడాది డిసెంబరు 26న సునామీ అండమాన్ నికోబార్ దీవులను ముంచెత్తింది. కార్ నికోబార్, కచ్చల్ వంటి దీవులలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు, గల్లంతయ్యారు. నికోబారీయుల జీవనాధారమైన కొబ్బరితోటలు నాశనమయ్యాయి. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ స్థావరం నుంచి నౌకలు సహాయ సామగ్రితో బయలుదేరాయి. తాత్కాలిక వసతులు, ఆ తరువాత శాశ్వత గృహాలు కేంద్ర ప్రభుత్వ నిధులతో నిర్మించారు. ఆ దీవులవారు ఢిల్లీ నుంచి అందిన నిధిని విదేశీ అప్పుగా తీర్చవలసిన అవసరం రాలేదు. జీవనోపాధి కావలసినవారు చెన్నైకో విశాఖపట్నానికో వచ్చి పనిచేసుకోవడానికి అనుమతిపత్రం అక్కరలేదు. నాణెంతోపాటు ఖజానా, పౌరసత్వం కూడా ఉమ్మడిగా ఉండటమే దీనికి కారణం. పోయిన ప్రాణాలను ఏ ఖజానా తిరిగి తేలేదు. బతికినవారు నిలదొక్కుకోవడానికి మాత్రం ఈ తేడా ఎంతో ముఖ్యం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేసింది. విమానాశ్రయం ధ్వంసమైంది, విద్యుత్తు స్తంభాలు కూలాయి, నగరంలోని చెట్లు వేలసంఖ్యలో నేలకొరిగాయి. రెండు రోజులకే కేంద్రం తక్షణ సహాయంగా 1,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. ఆ తుఫాను వల్ల తమ జేబులోని రూపాయి విలువ పడిపోతుందన్న భయం నగరవాసులలో ఎవరికీ కలగలేదు. విశాఖ ఒక స్వతంత్ర ద్వీప రాజ్యమై, సొంత నాణెం కలిగి ఉన్నట్లయితే ఆ భయం కూడా తుఫానుతోపాటే వచ్చేది.

నిర్ణయానికి మూడు ప్రశ్నలు

కనుక చిన్న ద్వీప రాజ్యాలు ఉమ్మడి నాణేన్ని స్వీకరించవచ్చునా అన్న దానికి అన్నిటికీ వర్తించే సమాధానం లేదు. కలవదలచిన దేశాలు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, తమ ఆర్థిక పరిస్థితులు ఒకే తీరున ఉన్నాయా? చెరకు మీద ఆధారపడిన దీవికి, గనుల మీద ఆధారపడిన దేశానికి ఒకే మారకపు రేటు సరిపడదు. రెండవది, ఒక దీవిలో పని పోయినవారు మరొక దీవికి వెళ్లి బతకగలరా? మూడవది, ఒక దీవికి కష్టం వచ్చినప్పుడు మిగిలినవి తమ ఖజానా నుంచి కొంత పంచడానికి సిద్ధమా?

తూర్పు కరేబియన్ దీవులు ఈ ప్రశ్నలకు క్రమంగా సమాధానాలు సమకూర్చుకుంటున్నాయి. 2011 నుంచి వాటిలోని స్వతంత్ర దేశాల పౌరులు ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్లి స్వేచ్ఛగా పనిచేసుకునే ఏర్పాటు అమలులోకి వచ్చింది. ఐవాన్ అనుభవం తరువాత 2007లో కరేబియన్ దేశాలు ఉమ్మడి విపత్తు బీమా నిధిని నెలకొల్పుకున్నాయి. తుఫాను తీవ్రతను బట్టి కొద్ది రోజులలోనే కొంత సొమ్ము అందించే ఏర్పాటు ఇది. 2017లో ‘మరియా’ తుఫాను డొమినికా వార్షిక ఉత్పత్తికి రెండు రెట్లకు పైగా నష్టం కలిగించినప్పుడు ఈ నిధి ఆదుకుంది. నష్టంతో పోలిస్తే అందిన సొమ్ము స్వల్పమే. అయినా ఉమ్మడి ఖజానా దిశగా ఇది ఒక అడుగు.

పసిఫిక్ దీవుల పరిస్థితి వేరు. 2003లో ఆస్ట్రేలియా సెనేట్ సంఘం ఒకటి ఆ దీవులన్నిటికీ ఆస్ట్రేలియా డాలరును ఉమ్మడి నాణెంగా ఊహిస్తూ ఒక సూచన చేసింది. అది కార్యరూపం దాల్చలేదు. వేల కిలోమీటర్ల దూరం, భిన్నమైన పంటలు, వలసకు ఆంక్షలు, ఉమ్మడి ఖజానా లేకపోవడం – ఇన్ని అడ్డంకుల నడుమ ఫిజీ వంటి దేశం తన నాణేన్ని వదులుకోకపోవడం సమంజసమే. మారిషస్ కూడా 1967లో సొంత కేంద్ర బ్యాంకును స్థాపించుకుని, మరుసటి ఏడాది స్వాతంత్ర్యం పొంది, తన రూపాయిని తానే నడుపుకుంటున్నది. పొరుగున ఉండి, ఒకే తీరు జీవనం గల అతిచిన్న దీవులకు మాత్రం ఉమ్మడి నాణెం శ్రేయస్కరం. అప్పుడు కూడా నోట్ల ముద్రణను పంచుకోవడంతో సరిపెట్టుకోరాదు. కష్టకాలంలో ఎవరి వాటా ఎంత అన్నది తుఫాను రాకముందే నిర్ణయించుకోవాలి. ఇల్లు కూలిన కుటుంబానికి నాణెం నిలకడ ఎంత అవసరమో, తిరిగి ఇల్లు కట్టుకోవడానికి చేయూత కూడా అంతే అవసరం.

ప్రశ్నలు

1. మారిషస్ దీవిలో రూపాయి నాణెంగా స్థిరపడిన తీరును, దానికి తెలుగువారి వలసతో గల సంబంధాన్ని వివరించండి.
2. తూర్పు కరేబియన్ డాలరు విలువ 1976 నుంచి మారకుండా ఉండటానికి గల కారణాలు ఏవి?
3. ఫిజీ, తువాలు దేశాల అనుభవాలను పోల్చి, సొంత నాణెం వల్ల కలిగే లాభనష్టాలను తెల్పండి.
4. 2004లో గ్రెనడా, అండమాన్ నికోబార్ దీవులు ఎదుర్కొన్న విపత్తుల ద్వారా ఉమ్మడి ఖజానా ఆవశ్యకతను చర్చించండి.